గురువారం మందు

ఆ వీధిలో మరకల మాష్టారంటే తెలియనివాళ్ళు లేరు. బడిలో పాఠాలు చెప్పే మాష్టారు కాదు లెండి. బట్టలుతికే పెద్ద దుకాణంలో, వెనక గదిలో, పందొమ్మిదేళ్ళుగా ఒకే బల్ల ముందు కూర్చుని మరకలు తీయడం అతని పని. సిరా, తుప్పు, నెత్తురు, గ్రీజు, గోళ్ళరంగు, ఏదైనా కానివ్వండి, గుడ్డని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టి ఒకసారి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని ఒకసారి వాసన చూసి, "ఇది టీ మరక కాదండీ, మీవాడెవడో మీకు అబద్ధం చెప్పాడు" అనేవాడు. ఓనరుకి కూడా అతనంటే కాస్త జంకే. ఎంత మొండి మరకనైనా గుడ్డకి నొప్పి తెలియకుండా తీస్తాడని పేరు. ఆ పనితనమే చివరికి అతని కొంప ముంచింది. ఇప్పుడు చెప్పబోయేది అదే.

అతనికి ఒక్కగానొక్క కూతురు, పదేళ్ళది. ఇంట్లో అందరూ పిడుగు అంటారు. నోటికి అడ్డూ ఆపూ లేకపోవడం వల్ల వచ్చిన పేరది. తొమ్మిదో ఏడు నిండిన కొత్తల్లో ఒకరోజు తల దువ్వుతూ ఉంటే, చెవి వెనక చొక్కా బొత్తామంత మేర నున్నగా కనబడింది తల్లికి. పక్కింటావిడ చూసి "పేనుకొరుకుడమ్మా, ఏం కాదు, అదే వస్తుంది" అంది. "మా పిల్ల తలలో పేలా!" అని తల్లికి ఒళ్ళు మండిపోయింది. పేలకీ ఆ జబ్బుకీ ఏ సంబంధమూ లేదని తర్వాత డాక్టరమ్మ చెప్పిందనుకోండి. ఒకటి రెండయింది, రెండు నాలుగయ్యాయి, నాలుగూ కలిసిపోయాయి. ఐదు నెలలు తిరిగేసరికి తలమీద ఒక్క వెంట్రుక మిగల్లేదు. పూతమందులు వాడారు, సూదులు పొడిపించారు, లాభం లేకపోయింది. పిడుగు నోరు మూతపడింది. నూలు టోపీ పెట్టుకుని బడికి వెళ్ళి, టోపీతోనే ఇంటికొచ్చి, గోడవైపు తిరిగి పడుకునేది.

అప్పుడు చర్మం డాక్టరమ్మ ఈ కొత్త మందు సంగతి చెప్పింది. తల్లిదండ్రులిద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఓపిగ్గా, చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పింది.

"ఇది జుట్టు మొలిపించే మందు కాదు. ముందే చెప్తున్నా, తర్వాత నన్ననొద్దు. ఇది చర్మానికి ఎలర్జీ తెప్పించే మందు. ఒంట్లో రోగాల మీద పోట్లాడాల్సిన కణాలు పొరబాటున జుట్టు కుదుళ్ళ మీద పడ్డాయి. పైన చర్మం మీద మనమే ఇంకో గొడవ పెడితే అవి అటు తిరుగుతాయి. అప్పుడు కుదుళ్ళు ఊపిరి తీసుకుంటాయి."

"అంటే పిల్లకి దురద పుట్టాలా?" అన్నాడు మాష్టారు.

"పుట్టాలి. ఎర్రబడాలి. దురద లేదంటే మందు పట్టనట్టే. వారానికోసారి, గురువారం రండి. మందు వేశాక రెండు రోజులు తల తడపకూడదు, వెలుతురు తగలకూడదు, టోపీ తియ్యకూడదు. ముందు కుడి సగానికే వేస్తాం. ఎడమ సగం అలాగే వదిలేస్తాం. కుడివైపు జుట్టొచ్చి ఎడమవైపు రాకపోతే, అది మందు వల్లేనని మనకి తెలుస్తుంది. ముప్ఫై వారాలు చూద్దాం. అప్పటికీ ఏమీ లేకపోతే ఆపేస్తాం."

భార్య చీటీ మీద అన్నీ రాసుకుంది. ఆవిడ బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, అరవై మెషిన్ల మీద అజమాయిషీ. ఆవిడ దగ్గర రూలంటే రూలే. కానీ గురువారం ఆవిడకి సెలవు దొరికే ప్రసక్తే లేదు. లాండ్రీకేమో వారం సెలవు గురువారమే. అలా పిల్లని తీసుకెళ్ళే పని తండ్రి మీద పడింది.

వారం వారం వేసే మందు మొదలుపెట్టే ముందు, ఒంటికి దాన్ని పరిచయం చెయ్యాలట. తల వెనక అగ్గిపెట్టె అంత మేర గాఢమైన మందు వేసి పంపారు. మర్నాటికి అది కందిపోయింది, ఆ మర్నాటికి బొబ్బలెక్కి నీరు కారింది. పిల్ల రెండు రోజులు గిలగిల్లాడింది. తల్లి దాని రెండు చేతులూ పట్టుకుని, "వంద లెక్కపెట్టు, అయ్యాక మళ్ళీ ఒకటి నుంచి పెట్టు" అంటూ పక్కనే కూర్చుంది. తండ్రి మాత్రం ఆ గదిలో ఉండలేకపోయాడు. చెప్పులేసుకుని వీధి చివరిదాకా వెళ్ళడం, తిరిగి రావడం, మళ్ళీ వెళ్ళడం. మందుల సంగతి అతనికి తెలియంది కాదు. ఒకసారి తుప్పు మరకలు తీసే మందు ఒలికి, చూపుడువేలు తోలు గోరుతో సహా ఊడొచ్చింది అతనికి. అలాంటిది ప్రతి వారం, పిల్ల తల సగానికీ వేస్తారని తలుచుకుని మళ్ళీ చెప్పులేసుకునేవాడు. నిజానికి వారం వారం వేసేది చాలా పల్చటి మందు. ఆ మాట డాక్టరమ్మ చెప్పింది కూడా. అతని చెవికెక్కలేదు, అంతే.

రెండు వారాల తర్వాత అసలు వైద్యం మొదలైంది. నర్సమ్మ పిల్ల తలమీద నుదుటి నుంచి మెడదాకా పెన్నుతో గీత గీసింది. ఒకదానిమీద ఒకటి రెండేసి గ్లవ్స్ తొడుక్కుని, ముదురు గోధుమరంగు సీసాలో దూదిపుల్ల ముంచి, కుడివైపంతా పూసింది. మాష్టారి ముక్కుకి వాసన తగిలింది. అతనికి బాగా తెలిసిన వాసన. గోళ్ళరంగు మరకలు తీయడానికి అతని బల్ల మీదుండే అసిటోన్, అదే. మందుని అందులో కలిపారన్నమాట.

బయటికి రాగానే పిడుగు అతని చొక్కా పట్టుకుంది. "నాన్నా, మళ్ళీ అలాగే అవుతుందా? వెనకాల అయినట్టు?"

"ఏం కాదులే."

"అవుతుంది. నాకు తెలుసు. నాన్నా, నాకు భయమేస్తోంది. నాన్నా..." పిల్ల వెక్కడం మొదలెట్టింది. దారిలో వెళ్ళేవాళ్ళు తిరిగి చూస్తున్నారు.

దుకాణం దారిలోనే ఉంది. తాళంచెవి జేబులోనే ఉంది. అయ్యో, ఆ వేళ ఆ తాళంచెవి ఇంట్లో మరిచిపోయి ఉంటే ఎంత బాగుండేది! షట్టరు సగం ఎత్తి, పిల్లని లోపలికి తీసుకెళ్ళి, తన స్టూలు మీద కూర్చోబెట్టాడు. అతని లెక్క అతనికుంది. గుడ్డ తాగేదేదో మొదటి అరగంటలోనే తాగేస్తుంది, పైన మిగిలింది గుడ్డని కొరకడానికే. పందొమ్మిదేళ్ళుగా చేత్తో చూసిన సత్యం. చర్మం మాత్రం గుడ్డకన్నా ఎక్కువా? పట్టాల్సిన మందు పట్టేసింది. మిగిలింది పిల్లని ఏడిపించడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. ఇంకేం, ఏ ద్రవంలో కలిపారో ఆ ద్రవానికే ఊడొస్తుంది. మెత్తటి తెల్లగుడ్డ బల్లమీది అసిటోన్‌తో తడిపి, అంచు నుంచి మధ్యకి, రుద్దకుండా, అద్ది అద్ది తీశాడు. తర్వాత పసిపిల్లల ఉన్నిబట్టలకి వాడే సబ్బునీళ్ళతో రెండుసార్లు కడిగాడు. పెన్ను గీత మాత్రం చెరగనివ్వలేదు, అదీ అతని పనితనం.

"నాన్నా, కడిగెయ్యొద్దన్నారుగా?" అంది పిల్ల, తల వంచుకుని.

"మందు లోపలికి పోయిందమ్మా. ఇది పైపై జిడ్డు, అంతే. అమ్మతో అనకేం? కంగారుపడుతుంది."

"ఒట్టు," అంది పిడుగు. పెద్ద గొడవ వదిలిపోయినట్టు నవ్వింది. ఎన్ని నెలల తర్వాత చూశాడో ఆ నవ్వు! దానికోసం అతను ఏమైనా చేసేవాడు. చేశాడు కూడా, ప్రతి గురువారం.

డాక్టరమ్మ వారం వారం తల చూసేది. "దురద వచ్చిందా?" అని అడిగేది. "కొంచెం," అనేది పిల్ల. నిజానికి ఏమీ ఉండేది కాదు. చర్మం తెల్లగా, చల్లగా ఉండేది. "పట్టడం లేదే," అని డాక్టరమ్మ ఇంకాస్త గాఢమైన సీసా రాసిచ్చేది. మూడు వారాలకో మెట్టు, నాలుగు వారాలకో మెట్టు. సీసాల మీద అంకెలు మారడం మాష్టారు చూస్తూనే ఉన్నాడు. ఎందుకు మారుతున్నాయని ఒక్కనాడైనా అడిగాడా? అడగలేదు. వాళ్ళ పని వాళ్ళకి తెలుసులే అనుకున్నాడు. తన పని తనకి తెలిసినట్టే.

పైగా అతని వేళ్ళు. ప్రతి శుక్రవారం వేళ్ళ కొసలు దురదలెత్తి, చిన్న చిన్న నీటిపొక్కులు లేచి, తోలు ఊడిపోయేది. బల్లమీది మందుల వల్లేనని ఆముదం రాసుకుని ఊరుకున్నాడు. పందొమ్మిదేళ్ళుగా రానిది ఇప్పుడెందుకొచ్చిందో ఆలోచించాలి కదా ఆ మనిషి! ఆలోచించలేదు.

పిల్ల సంగతి చెప్పాలి. రోజూ పొద్దున్నే పళ్ళు తోముకోకముందే తల్లి చేతి అద్దం పట్టుకుని కిటికీ దగ్గర నిలబడేది. కుడివైపు. ఎడమవైపు అసలు చూసేదే కాదు. అరచేత్తో నిమిరి, "నాన్నా, ఇక్కడ గరుగ్గా ఉంది కదూ? చూడు, ఇక్కడ," అనేది. అతను వేలు పెట్టి చూసి, "అవునే, ఉన్నట్టే ఉంది," అనేవాడు. ఏమీ ఉండేది కాదు. ఒక్కొక్క వారం దాని గొంతులో ఆశ కొంచెం తగ్గేది, మళ్ళీ గురువారం వచ్చేసరికి పెరిగేది. "ఈసారి కొత్త సీసా నాన్నా," అని ముందు తనే చెప్పులేసుకునేది.

ఇరవై ఎనిమిదో వారం. ఓ హోటలు వాళ్ళ తెరలన్నీ పాడయ్యాయని, వేరే ఊళ్ళో మూడు రోజుల పని తగిలింది. ఓనరు "నువ్వు తప్ప ఇంకెవరూ చెయ్యలేరు మాష్టారూ," అన్నాడు. ఆ మాటకి అతను ఎప్పుడూ పడిపోతాడు. భార్య ఎలాగో బతిమాలుకుని గురువారం, శుక్రవారం సెలవు సంపాదించింది. బస్సెక్కేముందు అతనికి ఒకసారి మనసు పీకింది. చెబుదామా అని నోరు తెరిచాడు. "మందు గురించి..." అన్నాడు.

"నాకన్నీ తెలుసు. చీటీ రాసుకున్నది నేను," అంది భార్య. "మీరు వేళకి తినండి, అది చాలు."

సరే, ఒక్క వారమే కదా, కాస్త దురదపెడుతుంది, అంతే కదా అనుకున్నాడు. బస్సెక్కాడు.

శనివారం పొద్దున్న ఇంటికొచ్చేసరికి తలుపు తీసే ఉంది. పిడుగు తల్లి ఒళ్ళో బోర్లా పడుకుని ఉంది. కుడివైపు తలంతా వాచి, బొబ్బలు చిట్లి, రసి కారుతోంది. వాపు నుదుటి మీదుగా దిగి కుడికన్ను మూసుకుపోయింది. మెడ పక్కన బిళ్ళలు కట్టాయి.  మాష్టారు చేతిసంచి గుమ్మంలోనే వదిలేశాడు.

"నిన్న పొద్దున్న ఎర్రబడితే నేనెంత సంబరపడ్డానో!" అంది భార్య. ఏడ్చి ఏడ్చి ఆవిడ గొంతు బొంగురుపోయింది. "ఇన్నాళ్ళకి పట్టింది, ఇంక జుట్టొస్తుంది, ఓర్చుకోవే అన్నా. తీసెయ్యనా అని అడిగితే వద్దంది. తలుచుకుంటే ఇంటిల్లిపాదినీ లేపే పిల్ల, పంటి బిగువున పడుకుంది. ఇలా అవుతుందని నేననుకోలేదు, అయ్యో..."

అతను నేలమీద కూలబడి పిల్ల మొహం దగ్గర మొహం పెట్టాడు. పిడుగు తెరిచున్న ఆ ఒక్క కంటితో చూసి, తల్లికి వినపడకుండా అంది. "నేను చెప్పలేదు నాన్నా."

అతను పిల్లని ఎత్తుకుని లేచాడు.

డాక్టరమ్మ శనివారం మధ్యాహ్నం దాకా ఉంటుంది. పిల్ల తల చూడగానే ఆవిడ మొహం మారిపోయింది. కడిగించింది, పూత పూయించింది, వాపు తగ్గడానికి మందు మింగించింది. తర్వాత కుర్చీలో కూర్చుని ఫైలు మొదటి పేజీ నుంచి చివరిదాకా తిప్పింది. "ఇరవై ఏడు వారాలు ఉలుకూ పలుకూ లేదు. ఒక్కసారిగా ఇలా విరుచుకుపడింది. ఎందుకో నాకే అర్థం కావడంలేదు. ఈ ఒంటిని నేను నమ్మలేనమ్మా. ఇంక ఆపేద్దాం."

"ఆపొద్దండీ," అంది తల్లి. "తట్టుకుంటుంది. మా పిల్ల తట్టుకుంటుంది. ఇదొక్కటే మిగిలింది మాకు."

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపి, పెన్ను తీసుకుంది. అక్కడితో అయిపోయేది. మాష్టారు నోరు మెదపకపోతే ఎవరికీ తెలిసేది కాదు. పిల్ల చెప్పదు, ప్రాణం పోయినా చెప్పదు, అది రెండు రోజులుగా రుజువైంది. మందు పడలేదు, మన ఖర్మ, అని అందరూ కలిసి ఏడ్చి ఊరుకునేవాళ్ళు. మాష్టారు ఆ పెన్ను వంకే చూశాడు.

"నేను కడిగేశానండీ," అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. అతను మళ్ళీ చెప్పాడు, మొదటి గురువారం నుంచీ, షట్టరు, స్టూలు, సీసా, సబ్బు, అన్నీ. చెబుతున్నంతసేపూ భార్యవైపు చూడలేదు. డాక్టరమ్మ లేచొచ్చి అతని చేతులు తీసుకుని తిరగేసి చూసింది. తోలూడి, పగిలి, ఎర్రగా ఉన్న వేళ్ళు.

"మందు బాగానే పట్టింది," అంది. "మీకు. పల్చటి మందు అంటుకోగానే కడిగేస్తుంటే, పట్టడం లేదనుకుని నేను గాఢం పెంచుకుంటూ పోయాను. మొన్న వేసింది ఈ పిల్ల చర్మానికి మెట్టుమెట్టుగా అలవాటు కాని గాఢమైన మందు." ఆవిడ గొంతులో కోపముంది, కాని పిల్ల ఎదురుగా ఉందని అణుచుకుంది.

పిడుగు మంచం మీద లేచి కూర్చుంది. కట్టు కట్టిన తలతో ఒకసారి డాక్టరమ్మని, ఒకసారి తండ్రిని చూసింది.

"అంటే నాన్నా, నాకు ఇన్నాళ్ళూ మందు వెయ్యనే లేదా?"

అతను తన వేళ్ళవంక చూసుకున్నాడు.

"లోపలికి పోయిందన్నావుగా," అంది పిల్ల. "నేను రోజూ అద్దంలో చూసుకున్నాను నాన్నా."

 ఏం చెప్పినా ఆ పొద్దుటిపూటలు తిరిగొస్తాయా! డాక్టరమ్మే కల్పించుకుంది. పుళ్ళు మానడానికి రెండు నెలలు పడుతుంది, ఆ తర్వాత కావాలంటే మళ్ళీ అడుగు నుంచి మొదలుపెట్టొచ్చు, కాని ఈ జబ్బులో ఆలస్యమయ్యేకొద్దీ జుట్టు వచ్చే అవకాశం తగ్గుతుంది, ఏ మాటా ఇవ్వలేను అంది.

ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సులో పిల్ల తల్లి ఒళ్ళో నిద్రపోయింది. భార్య కిటికీవైపు తిరిగి నెమ్మదిగా అంది. "దాని ఏడుపు మీరు చూడలేకపోయారు. నిజమే. అయితే అది చూడలేనిది మీరు. పిల్ల ఏడుస్తూనే భరించగలిగేది. మీకోసం కడిగారు, దానికోసం కాదు."

 ఆ మాటలో తప్పు వెతుకుదామన్నా అతనికి దొరకలేదు.

రెండు నెలల తర్వాత మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి భార్య సూపర్‌వైజరు పని వదులుకుని, మామూలు మెషిను మీదకి మారింది. అక్కడైతే గురువారం, శుక్రవారం సెలవు దొరుకుతుంది. పద్నాలుగేళ్ళు కష్టపడి ఎక్కిన మెట్టది. మళ్ళీ పెన్ను గీత, మళ్ళీ కుడి సగం, అన్నిటికన్నా పల్చటి సీసా. మందు నిజంగానే పట్టింది. మర్నాటికల్లా చర్మం ఎర్రబడి, గోకి గోకి పీక్కోవాలన్నంత దురద.

ఆ శుక్రవారం మధ్యాహ్నం మాష్టారు భోజనానికి ఇంటికొచ్చాడు. భార్య వంటింట్లో ఉంది. పిడుగు టోపీ పెట్టుకుని, కిటికీకి దుప్పటి కట్టిన గదిలో వెల్లకిలా పడుకుని ఉంది. గోక్కోకుండా రెండు చేతులూ నడుంకింద అదిమిపెట్టుకుంది. కళ్ళనుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. పెదాలు కదులుతున్నాయి, లెక్కపెట్టుకుంటోంది. అతను మంచం అంచున కూర్చోబోయాడు.

"నువ్వు రాకు నాన్నా," అంది.

"కోపమా తల్లీ?"

"కోపం లేదు." పిల్ల అటు తిరిగింది. "నువ్వు పక్కనుంటే కడిగెయ్యమని అడుగుతాను. నేనడిగితే నువ్వు కడిగేస్తావు. అందుకే, వెళ్ళు నాన్నా. అమ్మని పంపు."

అతను వెనక్కి తగ్గాడు. వంటింట్లోకి వెళ్ళి భార్యతో చెప్పాడు. ఆవిడ చేతులు తుడుచుకుని గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసింది. అతను అన్నం ముట్టకుండా బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. దుకాణానికి వేళ మించిపోతోంది. లోపల పిడుగు గొంతెత్తి ఏడవడం మొదలుపెట్టింది, తల్లి లెక్కపెడుతూనే ఉంది. అతను లేవలేదు.